‘మీరే చెప్పండి మేడమ్’ అనేవాళ్లకు సలహా చెప్పకపోతే మన అలసట తగ్గుతుందా?

గోస్తని (ఐసీటీసీ, అంటే హెచ్‌ఐవీ టెస్టు, కౌన్సెలింగ్ సెంటర్‌లో కౌన్సిలర్, ఉత్తరాంధ్ర)

అందరికీ నమస్తే. ఈ మధ్య జరిగిన రిఫ్రెషర్ ట్రైనింగ్‌లో ఒక సార్ అన్నారు, క్లయింట్ సెంటర్డ్ పద్ధతిలో (సలహాలు గుప్పించకుండా, వచ్చినవాళ్లను మనసు పెట్టి విని, నిర్ణయం వాళ్లకే వదిలే తీరు) పనిచేసే కౌన్సిలర్లకు బర్నవుట్, అంటే పని ఒత్తిడితో లోపల ఎండిపోవడం, తక్కువగా వస్తుందని. హాల్లో సగం మంది నవ్వేశారు. నాకూ నమ్మకం కుదరలేదు.

మా పని తెలిసినవాళ్లకు తెలుసు. టెస్టుకు ముందు కౌన్సెలింగ్, తర్వాత కౌన్సెలింగ్, గర్భిణీలు, టీబీ వాళ్లు, పాజిటివ్ వచ్చినవాళ్ల భార్యనో భర్తనో టెస్టుకు రప్పించడం, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు లింక్ చేయడం, మందులు మానేసినవాళ్లకు ఫోన్లు, చివర్లో రిజిస్టర్లు. కాంట్రాక్టు ఉద్యోగం సరేసరి. ఈ మధ్య నా నోరు దానంతటదే మాట్లాడేస్తోంది. పొద్దున కూర్చున్న మనిషి ముఖం మధ్యాహ్నానికి గుర్తుండట్లేదు. ఎవరైనా ఏడిస్తే ముందు వచ్చే ఆలోచన ‘బయట ఇంకా ఎంతమంది ఉన్నారో’ అని.

ఇలాంటి స్థితిలో ఇంకా లోతుగా విను, ఇంకా మనసు పెట్టు అంటే అలసట పెరగాలి కదా? తగ్గడం ఎలా? ఇంటర్నెట్‌లో దొరికే పాఠం కాదు, పని చేసి చూసినవాళ్లు చెప్పండి.

వెనకబెంచీ (కౌన్సెలింగ్ సైకాలజీ లెక్చరర్, హైదరాబాద్)

గోస్తని గారూ, ఆ సార్ చెప్పింది తప్పు కాదు కానీ సగమే చెప్పారు. మిగతా సగం లేకుండా వింటే నవ్వే వస్తుంది.

ఈ పద్ధతిని పెట్టిన అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ దీన్ని యూనివర్సిటీ గదిలో కూర్చుని కనిపెట్టలేదు. 1928 నుంచి పన్నెండేళ్లు న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పిల్లల రక్షణ సంస్థలో పనిచేశాడు. కోర్టులు పంపే పిల్లలు, కోపంతో వచ్చే తల్లిదండ్రులు, ఫైళ్లు. అక్కడ ఒక తల్లితో జరిగింది ఆయనే తర్వాత రాశాడు. కొడుకు అల్లరికి మూలం చిన్నప్పటి నుంచి ఆమె వాణ్ని దూరం పెట్టడమేనని ఆయనకు అర్థమైంది. ఆమెకు నచ్చజెప్పాలని ఎన్నో విధాల చూశాడు. కుదరలేదు. చివరికి ‘ఇద్దరం ప్రయత్నించాం, ఇక ఆపేద్దాం’ అన్నాడు. ఆమె సరేనని తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ‘మీరు పెద్దవాళ్లకు కూడా కౌన్సెలింగ్ చేస్తారా?’ అని అడిగింది. కూర్చుని తన కాపురం సంగతి చెప్పడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఆయన తయారుచేసుకున్న కేసు హిస్టరీకీ దానికీ పోలికే లేదు.

తర్వాత 1940 డిసెంబర్ 11న మిన్నెసోటా యూనివర్సిటీలో ఇచ్చిన ఉపన్యాసాన్ని ఈ పద్ధతికి పుట్టినరోజుగా లెక్కేస్తారు. 1957లో రాసిన వ్యాసంలో షరతులన్నీ స్పష్టంగా పెట్టాడు. కౌన్సిలర్ వైపు నుంచి మూడు కావాలి: లోపల ఉన్నదీ బయట కనిపించేదీ ఒకటిగా ఉండటం, షరతులు పెట్టని ఆదరణ, అవతలివాళ్ల లోకాన్ని వాళ్ల వైపు నుంచి అర్థం చేసుకునే సహానుభూతి.

మీ ప్రశ్నకు జవాబు మూడోదాని నిర్వచనంలోనే ఉంది. క్లయింట్ లోకాన్ని ‘మనదే అన్నట్టుగా’ చూడాలి, కానీ ఆ ‘అన్నట్టుగా’ ఎప్పుడూ చేజారకూడదు అంటాడు. మనం సాధారణంగా చేసేది వేరు. ‘ఇదే నాకు జరిగితే?’ అని ఊహించుకుంటాం. 1997లో బ్యాట్సన్ అనే సైకాలజిస్ట్ బృందం ఒక ప్రయోగం చేసింది. కష్టాల్లో ఉన్న ఒక అమ్మాయి ఇంటర్వ్యూ వినిపించి, కొందరిని ‘ఆమెకు ఎలా ఉందో ఊహించండి’ అన్నారు, ఇంకొందరిని ‘ఆమె స్థానంలో మీరుంటే మీకెలా ఉంటుందో ఊహించండి’ అన్నారు. రెండు గుంపుల్లోనూ సానుభూతి కలిగింది. రెండో గుంపులో మాత్రం దానితో పాటు సొంత బాధ, కలత కూడా బాగా పెరిగాయి. సాయంత్రానికి మనల్ని పిండేసేది ఎక్కువగా ఆ రెండో రకం వినడమే.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (స్టాఫ్ నర్స్, ఓరుగల్లు వైపు)

లెక్చర్ బాగుంది సార్. మా వార్డుకు ఒక రాత్రి రండి.

పురుగుల మందు తాగిన పిల్లకు ఆట్రోపిన్ ఎక్కిస్తూ, పక్క బెడ్‌కు ఆక్సిజన్ చూస్తూ, మందు తాగి లివర్ పాడు చేసుకుని వచ్చి మమ్మల్నే బూతులు తిట్టేవాడికి షరతులు పెట్టని ఆదరణ చూపించాలా? అసలు కౌన్సెలింగ్‌లో మీరంతా చేసేదేంటి? కథ చెప్పేవాడికి ఊఁ కొట్టినట్టు ఊఁ కొట్టడమే కదా. దానికి అంత థియరీ ఎందుకు?

నీలిగేటు (హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే వన్ స్టాప్ సెంటర్‌లో కౌన్సిలర్)

సిస్టర్ గారూ, ఊఁ కొట్టడం కూడా అందరికీ చేతకాదండీ :) మా దగ్గర పోలీసులు, పెద్దమనుషులు, అత్తామామలు, అందరూ మాట్లాడేవాళ్లే.

నా అనుభవం చెప్తాను. గృహహింస కేసుల్లో మమ్మల్ని ఎక్కువగా కుంగదీసేది విన్న బాధ కాదు. ఆమె మళ్లీ ఆ ఇంటికే వెళ్లిపోవడం. డీఐఆర్ (గృహహింస ఘటన రిపోర్టు) రాస్తాం, ప్రొటెక్షన్ ఆఫీసర్‌తో మాట్లాడతాం, ఐదు రోజుల దాకా ఉండే వసతి చూపిస్తాం, చట్టం చెప్తాం. మూడో రోజు వాళ్ల అన్నయ్య వచ్చి తీసుకెళ్లి అదే గుమ్మంలో దింపేస్తాడు. మళ్లీ కొన్నాళ్లకు చెయ్యి విరిగి వస్తుంది. అప్పుడు లోపల వచ్చేది జాలి కాదు, కోపం. ‘ఎన్నిసార్లు చెప్పినా వినవు కదా’ అన్న కోపం. బయటకు కనపడనివ్వం, గొంతులో మాత్రం తెలుస్తుంది. ఆమెకూ తెలుస్తుంది. తర్వాత ఇక మా దగ్గరికి కూడా రాదు.

నా సీనియర్ మేడమ్ ఒకావిడ ఈ కోపాన్ని పట్టుకుని అడిగారు: ‘ఆమె వదిలి రావాలన్న నిర్ణయం ఎవరిది? ఆమెదా, నీదా?’ అక్కడి నుంచి నా పని తీరు మారింది. ఆమె ప్రాణానికి ముప్పు ఎంతుందో ఇద్దరం కలిసి లెక్క వేసుకుంటాం. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబర్ ఎవరి పేరుతో ఫోన్‌లో సేవ్ చేసుకోవాలి, కాగితాలు ఏ పక్కింట్లో పెట్టాలి, పిల్లలకు ఏం చెప్పాలి, ఇవన్నీ ఆమె చెబుతుంది, నేను అడుగుతాను. వెళ్లాలనుకుంటే వెళ్తుంది. తలుపు తెరిచే ఉందని మాత్రం నమ్మకంగా చెప్పి పంపిస్తాను. ఆమె వెళ్లిన రోజు ఇప్పుడూ బాధగానే ఉంటుంది. ఓడిపోయినట్టు మాత్రం ఉండదు. ఆ తేడా చాలా పెద్దది.

ఇందులో ఒక ముల్లు ఉంది. పైనుంచి వచ్చే ఫార్మాట్‌లో ‘సెటిల్డ్’ అన్న కాలమ్ ఉంటుంది. రాజీ కుదిరితే మంచి పని చేసినట్టు, ఆమె ఇంకా ఆలోచిస్తుంటే పెండింగ్ పెట్టినట్టు. ఆ కాలమ్‌తో పాటు రోజర్స్‌ని నడపడం కష్టం.

గోస్తని

నీలిగేటు గారూ, ‘ఓడిపోయినట్టు ఉండదు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మాకూ అంతే. మందులు మానేసినవాళ్ల లిస్టు చూస్తే అది నా ఫెయిల్యూర్ లిస్టులా కనిపిస్తుంది.

కానీ ప్రాక్టికల్‌గా ఒకటి చెప్పండి. మనవాళ్లు సలహా కోసమే వస్తారు. ‘మీరే చెప్పండి మేడమ్, మీరు చదువుకున్నవాళ్లు’ అంటారు. ‘మీకేమనిపిస్తోంది?’ అని తిరిగి అడిగితే పొగరనో, పని ఎగ్గొడుతోందనో అనుకుంటారు. నిన్నే ఒకాయన ‘నాకు తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తా’ అన్నాడు. ఆయన అన్నదీ నిజమే కదా!

వెనకబెంచీ

ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ‘మీకేమనిపిస్తోంది?’ అని బంతి వెనక్కి విసరడం క్లయింట్ సెంటర్డ్ కాదు, తప్పించుకోవడం. చివరి మాట తిప్పి చెప్పడమే తన పద్ధతి అన్నట్టు జనం ఎగతాళి చేయడం రోజర్స్‌ని చివరిదాకా బాధపెట్టింది. సిస్టర్ గారి ఊఁ కొట్టడం విమర్శ అప్పుడూ ఉంది.

మీ పనికి దగ్గరగా ఒక నమూనా (ఏ ఒక్క కేసూ కాదు, క్లాసులో ఆడించేది). హెచ్‌ఐవీ పాజిటివ్ వచ్చిన ఒకాయన, కౌన్సిలర్ మాట్లాడుకుంటున్నారు:

‘మా ఆవిడకి చెప్పాలా వద్దా, మీరే చెప్పండి మేడమ్.’
‘చెబితే ఏమైపోతుందోనని భయంగా ఉంది.’
‘పుట్టింటికి వెళ్లిపోతుంది.’
‘ఆవిడ ఇక తిరిగి రాదేమోనని.’
‘ఆమె సంగతి సరే మేడమ్... పిల్లల్ని తీసుకుపోతుంది.’

ఇక్కడ కౌన్సిలర్ రెండోసారి అన్నది సరిగ్గా తగల్లేదు. ఏం నష్టం లేదు. ఆయన సరిదిద్దాడు, అసలు భయం బయటికొచ్చింది. ఇప్పుడు సమాచారం ఇవ్వచ్చు, ఇవ్వాలి కూడా. ‘ఆవిడకు టెస్ట్ ఎందుకు ముఖ్యమో, ఇక్కడే మీరిద్దరూ కలిసి కూర్చుని మాట్లాడుకునే వీలు ఎలా ఉందో చెప్పమంటారా?’ అని అడిగి చెప్పాలి. చెప్పాక ‘ఇది విన్నాక ఎలా ఉంది?’ అని ఆగాలి. సమాచారం మనది, నిర్ణయం ఆయనది. సలహా అడిగినవాళ్లకు ముఖం మాడ్చుకోవాల్సిన అవసరం ఎక్కడా లేదు.

అమెరికన్ సైకాలజిస్ట్ విలియం మిల్లర్ 1983లో మద్యం అలవాటున్నవాళ్లతో చేసిన పని గురించి రాసినప్పుడు ఇదే పునాది తీసుకున్నాడు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌గా (మారడానికి కారణాలు క్లయింట్ నోటే వచ్చేలా మాట్లాడే పద్ధతి) పెంచాడు. తప్పు కనపడగానే సరిదిద్దేయాలనే మన తొందరే అవతలివాళ్లలో మొండితనం పెంచుతుందని వాళ్ల వాదన. మనం ‘మానెయ్’ అని ఎంత గట్టిగా అంటే ఆయన ‘ఎందుకు మానలేనో’ అంత బాగా వాదిస్తాడు. రోజంతా అలా తాడు లాగితే అలసట రాదా మరి?

పీహెచ్‌సీ_డాక్టర్

చాలా రోజులకు ఇక్కడ మంచి చర్చ. కొన్ని విషయాలు కలుపుతాను, కొంచెం బ్రేక్ కూడా వేస్తాను.

బర్నవుట్ గురించి మొదట గట్టిగా రాసింది హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, 1974లో, న్యూయార్క్‌లోని ఉచిత క్లినిక్‌లో పనిచేసే వాలంటీర్లను, తనను తాను చూసి. తర్వాత క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో దాన్ని కొలిచే ప్రశ్నావళి తెచ్చారు. అందులో మూడు ముక్కలు: భావాలు ఎండిపోవడం, ఎదుటివాళ్లను మనుషుల్లా కాక కేసుల్లా చూడటం, నా పనివల్ల ఏమీ జరగట్లేదనిపించడం. గోస్తని గారి మొదటి పోస్టులో మూడూ ఉన్నాయి, ఒకసారి మళ్లీ చదువుకోండి.

క్లయింట్ సెంటర్డ్ తీరు ఈ మూడింటిలో దేనికి మందు? నా లెక్కలో రెండోదానికీ మూడోదానికీ నేరుగా పనిచేస్తుంది. ‘బెడ్ 14 పాయిజన్ కేస్’ అనే మనిషి కాస్తా పేరున్న మనిషి అవుతుంది. ఫలితం నా చేతుల్లో లేకపోయినా నేను చేసిన పని ఏంటో నాకు కనిపిస్తుంది. మొదటిదానికి, అంటే ఎండిపోవడానికి, ఇది సగమే పనిచేస్తుంది. నిద్ర లేకపోవడం, మనుషులు చాలకపోవడం సహానుభూతితో తీరవు.

ఇక బ్రేక్. ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్లకు బర్నవుట్ ఖాయంగా తగ్గుతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి. దగ్గరి ఆధారాలు మాత్రం ఉన్నాయి. 2009లో జామా జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 70 మంది ప్రైమరీ కేర్ డాక్టర్లకు ఏడాది పాటు ధ్యానం, తమ గురించి తాము గమనించుకోవడం, పేషెంట్‌తో మాట్లాడే తీరు కలిపి శిక్షణ ఇచ్చారు. బర్నవుట్ తగ్గింది, సహానుభూతి పెరిగింది, రెండూ కలిసే జరిగాయి. ‘ఎక్కువ మనసు పెడితే ఎక్కువ అలిసిపోతాం’ అన్న లెక్క అంత సూటిగా లేదని అది చూపిస్తుంది. కానీ దానిలో పోల్చి చూడటానికి శిక్షణ ఇవ్వని గుంపు (కంట్రోల్ గ్రూప్) లేదు, అది గుర్తుంచుకోవాలి. తమాషా ఏంటంటే అది కూడా రోచెస్టర్‌లోనే జరిగింది, రోజర్స్ పాత ఊరు.

నైట్‌డ్యూటీ_సిస్టర్

‘నిద్ర లేకపోవడం సహానుభూతితో తీరదు’. థాంక్యూ డాక్టర్ గారూ, ఈ మాట ఫ్రేమ్ కట్టించుకుంటా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో ఏం రాసింది? బర్నవుట్ జబ్బు కాదు, పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగా చూసుకోకపోవడం వల్ల వచ్చే పరిస్థితి అని. పనిచేసే చోట! నర్సు మనసులో అనలేదు. ఇప్పుడు ‘మీరు వినే తీరు మార్చుకోండి, అలసట తగ్గుతుంది’ అంటే తప్పు మా మీదికి తోసినట్టు కాదా? మా దగ్గర ఒకసారి వెల్‌నెస్ సెషన్ పెట్టారు. నైట్ డ్యూటీ దిగినవాళ్లను ఆపి మరీ కూర్చోబెట్టారు, ఒత్తిడి తగ్గించుకోవడం గురించి.

లీసెస్టర్_వాన (కౌన్సిలర్, ఇంగ్లండ్)

సిస్టర్ గారూ, ఆ చివరి వాక్యానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీ మాట రోజర్స్ కథకే సరిపోతుంది. చాలామందికి తెలియదు, ఆయనకే ఇది జరిగింది. షికాగోలో కౌన్సెలింగ్ సెంటర్ నడుపుతున్న రోజుల్లో, 1949 ప్రాంతంలో, తీవ్రమైన మానసిక సమస్య ఉన్న ఒక క్లయింట్‌తో చాలాకాలం పనిచేశాడు. ఆమెకు తాను సాయం చేయగలగాలి, వదిలేయకూడదు అన్న పట్టుదలతో తనకు అవుతున్నది దాచుకుంటూ పోయాడు. ఎక్కడ తను ఆగుతాడో ఎక్కడ ఆమె మొదలవుతుందో తెలియని స్థితికొచ్చాడు. చివరికి కేసు ఒక సైకియాట్రిస్ట్‌కు అప్పగించి, భార్య హెలెన్‌తో కలిసి ఊరు వదిలి వెళ్లిపోయి, రెండు మూడు నెలలకు గానీ తిరిగి రాలేదు. వచ్చాక తన దగ్గర పనిచేసే ఆలివర్ బౌన్ దగ్గరే థెరపీ తీసుకున్నాడు.

పద్ధతి పెట్టినవాడినే పద్ధతి కాపాడలేదు అనచ్చు. నేను వేరేగా చదువుతాను. ఆ సమయంలో ఆయన ఆదరణా సహానుభూతీ చూపిస్తున్నాడు గానీ మొదటి షరతును వదిలేశాడు. లోపల ‘నా వల్ల కావట్లేదు’ అని ఉన్నా బయట సహనంగా కూర్చున్నాడు. తర్వాతి రచనల్లో ఆ లోపలా బయటా ఒకటిగా ఉండటానికి ఆయన ఇచ్చిన బరువు వెనక ఈ దెబ్బ ఉందని నా అభిప్రాయం.

ఇక్కడ బీఏసీపీ (బ్రిటన్ కౌన్సిలర్ల సంఘం) గుర్తింపు ఉన్న కౌన్సిలర్లకు నెలకు కనీసం గంటన్నర సూపర్విజన్, అంటే తమ పని గురించి ఇంకో కౌన్సిలర్‌తో మాట్లాడుకోవడం, తప్పనిసరి. అక్కడ నా కేసు లెక్కలు అడగరు. ఆ క్లయింట్ ఎదురుగా కూర్చుంటే నాకేమవుతోందో అడుగుతారు. సలహాలు గుప్పించరు. అంటే నాకూ ఎవరో ఒకరు క్లయింట్ సెంటర్డ్‌గా ఉన్నారు. అది లేకుండా ఒక్క కౌన్సిలర్ మీదే ఈ మూడు షరతులూ మోపితే సిస్టర్ గారి కోపం న్యాయమే.

వెనకబెంచీ

పూర్తిగా ఒప్పుకుంటాను. మన దగ్గర 2021 అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం షెడ్యూల్‌లో హెచ్‌ఐవీ కౌన్సిలర్ల పేరు కూడా ఎక్కింది. కానీ నేను చూసిన జిల్లాల్లో సూపర్విజన్ అంటే ఇప్పటికీ రిజిస్టర్ల చెకింగే.

నటన వల్ల వచ్చే అలసట గురించి ఒక్క మాట. సోషియాలజిస్ట్ ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన సిబ్బంది మీద రాసింది. జీతం కోసం ముఖం మీద చిరునవ్వు పులుముకోవడం కూడా ఒక రకం కూలి పనే అని. ఆ తర్వాత వచ్చిన చాలా పరిశోధనల్లో, లోపల లేని భావాన్ని పైకి నటించడానికీ ఎండిపోవడానికీ సంబంధం కనపడుతూ వచ్చింది. సిస్టర్ గారూ, వార్డులో మీరు చేసే నటన ఏది? అడగచ్చా?

నైట్‌డ్యూటీ_సిస్టర్

అడిగారు కాబట్టి చెప్తా. ‘ఏం కాదమ్మా, తగ్గిపోతుంది.’ ఇదే.

తగ్గదని నాకు తెలుసు, అడిగే తల్లికీ సగం తెలుసు. తెల్లవారుజామున ‘ఎందుకు తాగింది సిస్టర్ నా బిడ్డ’ అని పట్టుకుంటారు. ‘ఏం కాదులే, పోయి కాసేపు పడుకో’ అనేసి ట్రేలోకి చూస్తూ వెళ్లిపోతాం. పని వల్ల కాళ్లు నొప్పి పెడతాయి. ఈ మాట వల్ల ఇంటికెళ్లాక పిల్లల మీద అరుస్తాం.

ఒకసారి ఏమీ చెప్పలేక ‘నాకూ తెలియట్లేదమ్మా, నీకు ఎంత కష్టంగా ఉందో’ అని మాత్రం అన్నాను. నిమిషం కూడా పట్టలేదు. ఆవిడ ఏడ్చింది, తర్వాత తనే లేచి బిడ్డ కాళ్లు తుడిచింది. ఆ రోజు ఎందుకో తేలికగా ఇంటికి పోయాను. దీనికి ఇంత పేరుందని తెలియదు. కానీ మళ్లీ చెప్తున్నా, స్టాఫ్‌ని పెంచకుండా దీన్ని నా నెత్తిన ఇంకో డ్యూటీగా పెడితే ఊరుకోను.

పాలమూరు_ఆశా

నమస్తే సార్లకు, మేడమ్‌లకు. నాది అంత పెద్ద చదువు కాదు, మా పీహెచ్‌సీ మేడమ్ ఈ లింక్ పంపింది.

నా సంగతి వేరే. టీబీ పేషెంట్ ఆరు నెలలు మందులు పూర్తి చేస్తేనే దానికి నాకు రావలసిన డబ్బు వస్తది. మధ్యలో మానేస్తే రాదు. అతను బొంబాయికి పనికి పోతడు. నేను వాళ్లింటికి పోయి బతిమాలతా, తిడతా, వాళ్లమ్మకు చెప్తా. ‘నిర్ణయం నీదే నాయనా’ అని నేను కూర్చుంటే నాకూ నష్టం, ఊరికీ నష్టం. అది అంటే ఇంట్లో అందరికీ అంటుకునే రోగం కదా. మరి నేను ఏం చేయాలి?

పీహెచ్‌సీ_డాక్టర్

ఆశా అమ్మా, ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే గట్టి ప్రశ్న మీదే.

ఫలితానికి డబ్బు ముడిపెట్టిన చోట ‘ఫలితం క్లయింట్‌ది’ అనుకోవడం చెప్పినంత తేలిక కాదు. ఆ ముడి మీరు వేసింది కాదు, మీ మనసుతో అది విప్పలేరు. అంటువ్యాధి విషయంలో, ప్రాణాపాయం ఉన్నప్పుడు, పిల్లలకు హాని జరుగుతున్నప్పుడు కౌన్సిలర్ పక్కన కూర్చుని వింటూ ఉండిపోవడం కుదరదు. చేయాల్సింది చేయాల్సిందే, చెప్పాల్సింది స్పష్టంగా చెప్పాల్సిందే.

కానీ తిట్టడం ఎంతవరకు పనిచేసిందో మీకే బాగా తెలుసు. ఈసారి వెళ్లినప్పుడు మందుల గురించి ఎత్తకముందు ‘బొంబాయిలో ఎక్కడ ఉంటావు, అక్కడ మందు తెచ్చుకోవాలంటే ఏం ఇబ్బంది?’ అని అడిగి చూడండి. చాలామంది మొండితనంతో మానరు. కూలి పోతుందని, పక్కవాళ్లు చూస్తారని, కడుపులో తిప్పుతుందని మానేస్తారు. కారణం తెలిస్తే నిక్షయ్‌లో (టీబీ పేషెంట్ల ఆన్‌లైన్ రికార్డు) ట్రాన్స్‌ఫర్ పెట్టి అక్కడి సెంటర్‌లో మందు ఇప్పించచ్చు. ఆ పని నాకు ఫోన్ చేసి నా నెత్తిన వేయండి. మీరొక్కరే మోయకండి.

పాలమూరు_ఆశా

ట్రాన్స్‌ఫర్ అయితదని నాకు ఎవరూ చెప్పలేదు సార్. రేపు వాళ్ల అమ్మను అడుగుతా, ఏ ఏరియాలో ఉంటడో. తిట్టకుండా అడుగుతా :)

మోడరేటర్

చర్చ బాగా నడుస్తోంది. రెండు విన్నపాలు. అనుభవాలు రాసేటప్పుడు ఊరు, కులం, కేసు వివరాలు కలిపి మనిషిని గుర్తుపట్టేలా రాయకండి. ఒక పోస్టులో కొంత తీసేశాను, రాసినవారికి మెసేజ్ పెట్టాను.

రెండోది, నిద్ర పట్టట్లేదని, బతకాలనిపించట్లేదని ఒకరు నాకు విడిగా రాశారు. వారికీ, అలా ఉన్న ఇంకెవరికైనా: టెలీ మానస్ 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. సాయం చేసే ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఫోన్ చేయకూడదని ఎక్కడా లేదు.

నీలిగేటు

లీసెస్టర్ గారి సూపర్విజన్ మాట పట్టుకుని ఒక ప్రతిపాదన. పైనుంచి ఎవరో పెట్టేదాకా ఆగితే రిటైర్ అయిపోతాం. లండన్‌లో మైఖేల్ బాలింట్ అనే ఆయన 1950లలో మామూలు డాక్టర్లను చిన్న గుంపుగా కూర్చోబెట్టి ఒక్కొక్క కేసు చెప్పించేవాడు. పేషెంట్ జబ్బు గురించి కాదు, ఆ పేషెంట్‌తో డాక్టర్‌కు ఏమవుతోందో మాట్లాడుకోవడానికి. బాలింట్ సైకో అనలిస్ట్, రోజర్స్ శిష్యుడేం కాదు. అయినా మనకు పనికొచ్చేది ఆ ఏర్పాటు. మనమూ ఆన్‌లైన్‌లో ఆరేడుగురం కూర్చుందాం. ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. అడగకుండా సలహా చెప్పినవాళ్లను మ్యూట్ చేద్దాం. రికార్డింగ్ ఉండదు.

వెనకబెంచీ గారూ, మొదటి కొన్నిసార్లు మీరు నడిపిస్తారా?

వెనకబెంచీ

నడిపిస్తాను. లెక్చర్ మొదలుపెడితే నన్నే మ్యూట్ చేయండి. ఒక షరతు: మీ పై ఆఫీసర్ ఎవరూ అందులో ఉండకూడదు. జీతం రాసేవాళ్ల ముందు ఎవరూ ‘నా వల్ల కావట్లేదు’ అనరు.

గోస్తని

నేను మొదటి కేసు చెప్తాను. మందులు మానేసినవాళ్ల లిస్టులోంచే ఒకటి, వివరాలన్నీ మార్చి. శనివారం రాత్రి ఎనిమిదికి అందరికీ కుదురుతుందా?

నైట్‌డ్యూటీ_సిస్టర్

శనివారం నాకు నైట్. ఆదివారం మధ్యాహ్నం పెట్టండి, వస్తా. మూడు లోపు అయితే మాత్రం లేవను.